బోర్డు పోయిందంటే సరిపోదు, రీడింగ్ చూపించాలి

పాత ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే మన చుట్టుపక్కల వినిపించే తీర్పు దాదాపు ఒకటే: "బోర్డు పోయింది." ఆ మాట చెప్పడానికి పది సెకన్లు చాలు. బటన్ నొక్కుతారు, చార్జర్ ఒకసారి పెట్టి తీస్తారు, మూత వేసేస్తారు. ఇక మనకు రెండే దారులు మిగులుతాయి. వేలకు వేలు పెట్టి బోర్డు మార్పించుకోవడం, లేదా కొత్తది కొనడం. మన క్లాసులో అయితే మూడో దారి కూడా ఉంది. రాత్రి ఇంటికి ఫోన్ చేసి, అన్నం తిన్నారా అని అడిగి, మెల్లగా ఈఎంఐ సంగతి కదపడం.

నేను చెప్పేది ఒక్కటే. కొలిచి చూపించకుండా చెప్పిన "బోర్డు పోయింది"ని నమ్మకండి. కరెంటు ఎన్ని వోల్టులు వస్తోంది, ఎక్కడి దాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది? ఈ మూడు ముక్కలు చెప్పలేని చోట డబ్బులు కట్టకండి. ఇంకో మాట కూడా అంటాను, కొందరికి కోపం వస్తుందేమో: కంప్యూటర్ సైన్స్ చదివే మనం ఈ మూడు ముక్కలు ఎవరినీ అడగకుండా చెప్పగలగాలి. వంద ఫైళ్ల ప్రాజెక్టులో ఒక్క బగ్‌ను గంటలో పట్టుకునే మనం, గోడ సాకెట్ నుంచి బోర్డు దాకా ఉన్న నాలుగు అంగల దారిలో తప్పు ఎక్కడుందో వెతకడానికి భయపడుతున్నాం.

ఈ పద్ధతి నాకు ల్యాబ్‌లో ఎవరూ నేర్పలేదు. జనగామ జిల్లా తరిగొప్పులలో, మా పెద్దనాయన బోరు మోటరు దగ్గర చూశాను.

బోరు మోటరు నడవకపోతే ఊళ్లో ఏం చేస్తారో ఒక్కసారి గమనించండి. ముందు స్టార్టర్ డబ్బా మీద మూడు బుగ్గలు చూస్తారు, ఎరుపు, పసుపు, నీలం. మూడూ వెలుగుతుంటే మూడు ఫేజులూ వస్తున్నట్టు. ఒకటి వెలగకపోతే మోటరును ముట్టుకునే పనే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోయిందో, తీగ తెగిందో చూసుకోవాలి. మూడూ వెలుగుతున్నా మోటరు తిరగకపోతే స్టార్టర్‌లో కాంటాక్టులు కాలాయేమో చూస్తారు, రిలే ట్రిప్ అయిందేమో చూస్తారు. తర్వాత ఆంప్స్ మీటర్. ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంటే బోరులోకి దిగే కేబుల్ ఎక్కడో తెగినట్టు. ముల్లు గబుక్కున చివరికి పోతే లోపల పంపు పట్టేసినట్టు, లేదా వైండింగ్ పోయినట్టు. ఇవన్నీ అయ్యాకే మోటరు గుంజుతారు. ఎందుకంటే మోటరు గుంజుడు మామూలు ఖర్చు కాదు. నలుగురు మనుషులు కావాలి, చెయిన్ పుల్లీ కావాలి, వందల అడుగుల పైపు ఒక్కొక్కటే విప్పుకుంటూ పైకి తీయాలి. పైకి తీశాక మోటరు మంచిగనే ఉంటే, ఆ రోజు కూలి మొత్తం నీళ్లు లేకుండానే పోయినట్టు.

మనం అల్గారిథమ్స్ క్లాసులో నేర్చుకునేది అక్కడ డబ్బా మీద నడుస్తోంది. చవకగా అయ్యే పరీక్ష ముందు, ఖరీదైన పరీక్ష చివర. ప్రతి పరీక్షా మిగిలిన అనుమానాల్లో కొన్నింటిని తీసి పారేయాలి. బైనరీ సెర్చ్ అంటే మాకు స్లైడ్ చూపించారు, పెద్దనాయన బుగ్గలు చూపించాడు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు వద్దాం. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, బీఎడ్ చేసి డీఎస్సీకి చదువుతోంది. ఆమె వాడేది 2016లో కొన్న ల్యాప్‌టాప్. తరిగొప్పుల మండలం అయింది కూడా 2016 అక్టోబర్‌లోనే, జనగామ జిల్లాతో పాటు. కాబట్టి మండలానికీ ల్యాప్‌టాప్‌కూ ఒకే వయసని మేం నవ్వుకుంటుంటాం. క్లాసుల వీడియోలు, పాత పేపర్లు, ఆమె టైప్ చేసుకున్న నోట్స్ అన్నీ అందులోనే. మొదట్లో చార్జర్ తీగ కొంచెం కదిలిస్తే చార్జింగ్ లైటు పోయేది. తర్వాత ఒక ప్రత్యేకమైన వంపులో పట్టుకుంటేనే ఎక్కేది. ఒకరోజు అసలు ఆన్ కావడమే మానేసింది. టౌన్‌లో ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది, గ్యారంటీ ఇవ్వలేం అన్నారు.

తొమ్మిది వేలంటే ఎంతో ఆ ఇంటి లెక్కలో చెప్తాను. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అంటే క్వింటా పత్తి అమ్మినా ఆ బోర్డు రాదు. అది కూడా తేమ ఎక్కువుందని ధర కొయ్యకపోతే. అక్క ఫోన్‌లో చదువుకుంటానంది. ఐదంగుళాల తెరలో పీడీఎఫ్ పక్కకి జరుపుకుంటూ గణితం చదివితే ఎట్లుంటుందో మనలో చాలామందికి లాక్‌డౌన్ రోజుల నుంచి గుర్తే.

పెద్దనాయన మాత్రం నన్ను ఒకటే అడిగాడు. "ఆయన ఏం చూసి చెప్పిండు బిడ్డా? మీటర్ పెట్టి చూసిండా?"

"లేదట పెద్దనాయనా, బటన్ ఒత్తి చూసిండట."

"మూడు బుగ్గలు చూడకుంటనే మోటరు గుంజుతరా ఎవలన్న?"

ల్యాప్‌టాప్‌కు ఆ మూడు బుగ్గలు ఏవి? మొదటిది గోడ సాకెట్. నవ్వకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు వదులై చచ్చిపోయిన కేసులు హాస్టల్లో బోలెడు. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. రెండోది అడాప్టర్, అంటే మనం చార్జర్ అని పిలిచే నల్ల ఇటుక. దాని మీద అవుట్‌పుట్ ఎంతో రాసి ఉంటుంది. ఎక్కువ మోడళ్లలో 19 లేదా 19.5 వోల్టులు, కొన్నింటిలో 20. రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మల్టీమీటర్ తీసుకుని డీసీ వోల్టేజీలో పెట్టి కొలవండి. ఆ చవక మీటర్లలో 20 అని ఉన్న రేంజి 19.99 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి 200 మీద పెట్టండి. గుండ్రటి పిన్ను అయితే లోపలి గోడ ప్లస్, బయటి గోడ మైనస్. రెండు సూదులూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. మధ్యలో సన్నటి సూది ఇంకొకటి కనిపిస్తే అది కరెంటు కోసం కాదు, చార్జర్ తనెవరో చెప్పుకోవడానికి. డెల్ చార్జర్లలో చిన్న చిప్ ఒకటి ఆ తీగ మీద నేను ఇన్ని వాట్లు ఇస్తానని ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ సన్న తీగ తెగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది. అలాంటి వాళ్లకు కూడా బ్యాటరీ పోయింది, బోర్డు పోయింది అని చెప్పి పంపుతుంటారు.

మూడో బుగ్గ నాకు అన్నింటికన్నా ఇష్టం, ఎందుకంటే దానికి మీటర్ కూడా అక్కర్లేదు. అడాప్టర్ మీద చిన్న లైటు ఉంటే, దాన్ని గోడకు పెట్టి వెలిగిందో లేదో చూడండి. తర్వాత పిన్నును ల్యాప్‌టాప్‌లో పెట్టండి. లైటు ఆరిపోయినా, టపటపా కొట్టుకున్నా లోపల ఎక్కడో షాట్ అయింది, అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అప్పుడు బోర్డు అనుమానం న్యాయమే. లైటు అలాగే నిలకడగా వెలుగుతుంటే దారి మొదట్లో పెద్ద షాట్ లేదన్నమాట, లేదంటే కరెంటు అసలు బోర్డు దాకా వెళ్లడమే లేదన్నమాట. అక్క ల్యాప్‌టాప్‌కు చూస్తే అడాప్టర్ 19.4 వోల్టులు చూపించింది, పిన్ను పెట్టినా లైటు ఆరలేదు. అప్పుడే మాకు సగం ధైర్యం వచ్చింది.

తర్వాతి మెట్టుకు స్క్రూడ్రైవర్ కూడా వద్దు. చార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ చార్జర్ ఒక్కటే పెట్టి చూడాలి. ల్యాప్‌టాప్‌లో ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు ముందు మేలుకునేది అదే, మిగతా కరెంటు దారులన్నీ తెరిపించేదీ అదే. అది ఒక్కోసారి మొండికేసి కూర్చుంటుంది. మిగిలిన చార్జ్ అంతా పోతే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మనం ఎప్పుడూ చేసే రీస్టార్టే, ఇంకొంచెం లోతుగా. చచ్చిందనుకున్న మెషీన్లు ఈ ఒక్క పనితో లేచిన సందర్భాలు మా ఫ్లోర్‌లోనే చూశాను. అక్కది మాత్రం లేవలేదు.

కింది మూత తీశాం. లోపల మొదట చేయాల్సిన పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం, దాంట్లో వాదన లేదు. చార్జర్ పిన్ను దూరే చోటు, డీసీ జాక్ అంటారు, ఆ ల్యాప్‌టాప్‌లో బోర్డుకు నేరుగా అతికించి లేదు. జాక్ నుంచి నాలుగు అంగుళాల తీగ బోర్డుకు వెళ్తుంది. మల్టీమీటర్‌ను బీప్ కొట్టే రేంజిలో పెట్టి, తీగకు ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి పట్టాం. మైనస్ వైపు బీప్ కొట్టింది. ప్లస్ వైపు కొట్టలేదు. జాక్ మెడ దగ్గర తీగ ఏళ్ల తరబడి ఒంగి ఒంగి లోపలే తెగిపోయింది, పైన తొడుగు మాత్రం చక్కగా ఉంది. ఇంతే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అని మనవాళ్లంతా పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆ జాక్ తీగతో సహా 350 రూపాయలకు దొరికింది. సోల్డరింగ్ లేదు, రెండు స్క్రూలు.

ఇది చదివి షాపుల వాళ్లంతా దొంగలని అనేస్తారేమో. నేను ఆ మాట అనను. సీటీసీలోనే బోర్డు మీద ఆవగింజంత కెపాసిటర్ షాట్ అయితే, స్పిరిట్ పూసి అది ఎక్కడ ముందు ఆరుతుందో చూసి పట్టుకునే వాళ్లున్నారు. షాట్ అయిన చోట వేడెక్కుతుంది కాబట్టి స్పిరిట్ అక్కడ ముందు ఆవిరవుతుంది, ఎంత తెలివైన ఉపాయం చూడండి. కానీ చిన్న టౌన్‌లో ఒక్కడే కూర్చుని ఫోన్ స్క్రీన్ గార్డులు అతికిస్తూ, మధ్యలో ల్యాప్‌టాప్ చూసే మనిషికి ఆ బోర్డు సర్క్యూట్ పటం ఎక్కడిది? డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు విప్పడం, బిగించడం చూపే సర్వీస్ మాన్యువల్‌ను వాళ్ల సైట్లలో ఉచితంగానే పెడతాయి. అది మంచి విషయం, మనలో చాలామందికి తెలియదు కూడా. సర్క్యూట్ పటం మాత్రం ఇవ్వవు. బాగుచేసే వాళ్లంతా ఎక్కడో బయటికి పొక్కిన ఫైళ్ల మీద బతుకుతున్నారు. పటం లేని మనిషికి బోర్డు మొత్తం మార్చడమే తేలిక, పోయింది అనడం ఇంకా తేలిక.

కాబట్టి నా ఫిర్యాదు షాపు మనిషి దగ్గర ఆగదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద ఒక కమిటీ వేసింది. అది తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, టాబ్లెట్లు, ఇంటి సామాన్లు, వాహనాలు ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ కూడా మొదలుపెట్టారు. పోర్టల్‌లో కంపెనీల కస్టమర్ కేర్ వివరాలు, వారంటీ నిబంధనలు ఉంటాయి. బాగుంది కానీ అంతకన్నా గట్టిది కావాలి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్ అమ్మాలంటే అది ఎంత సులువుగా బాగవుతుందో పదికి ఇన్ని మార్కులని రేటు పక్కనే రాయాలి. మాన్యువల్ ఇస్తున్నారా, విప్పడం తేలికేనా, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి, వాటి ధర ఎంత, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మన దగ్గర ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు చూసి కొనే అలవాటు అమ్మమ్మలకు కూడా వచ్చింది. రిపేరు నక్షత్రాలు వస్తే అవీ చూస్తారు.

సరే, మళ్లీ కరెంటు దగ్గరికి. బ్యాటరీ గురించి చెప్పకుండా పాత ల్యాప్‌టాప్ కథ పూర్తి కాదు, పైగా అక్కడే మన బేసిక్ ఎలక్ట్రికల్ సబ్జెక్టు పనికొస్తుంది. థెవెనిన్ సిద్ధాంతం గుర్తుందా? పరీక్ష అయిన మర్నాడే మనమంతా మూకుమ్మడిగా మర్చిపోయింది. ఏ సోర్స్ అయినా బయటికి ఒక వోల్టేజీ, దాని వెనక వరసలో ఒక నిరోధం లాగా కనిపిస్తుంది అంటాడు ఆయన. పాత బ్యాటరీలో పెరిగేది ఆ నిరోధమే. మూడు సెల్లుల బ్యాటరీ సుమారు 11 వోల్టులు. ల్యాప్‌టాప్ 30 వాట్లు లాగితే 2.7 ఆంపియర్లు. లోపలి నిరోధం అర ఓమ్‌కు చేరితే అక్కడే 1.35 వోల్టులు పోతాయి. తెర మీద 40 శాతం అని కనిపిస్తూనే, ఒక వీడియో మొదలుపెట్టగానే టప్‌మని ఆరిపోవడానికి తరచుగా ఇదే కారణం. శాతం అబద్ధం కాదు, బరువు మోయలేకపోయింది. చార్జర్ విషయంలోనూ అంతే. ఖాళీగా కొలిస్తే 19.5 చూపించిన అడాప్టర్, బరువు పడగానే కూలిపోవచ్చు. అందుకే మీటర్ రీడింగ్ ఒక్కదానితో ఆగకుండా, అదే వోల్టేజీ, అదే పిన్ను, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వాట్లున్న ఇంకో చార్జర్ స్నేహితుడి దగ్గర తెచ్చి ఒకసారి పెట్టి చూడాలి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అంటే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు సంఖ్యలుంటాయి. మొదటిది పుట్టినప్పటి ఆకలి, రెండోది ఇప్పటి ఆకలి. లిథియం అయాన్ బ్యాటరీ మామూలుగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఎక్కి దిగాక దాదాపు 80 శాతానికి వస్తుంది. వాడకపోయినా వయసు మీద పడుతుంది, వేడిలో ఇంకా త్వరగా. మే నెలలో రేకుల కింద వంద శాతం చార్జింగ్‌లో పెట్టి వదిలేస్తే అది మనమే కూర్చోబెట్టి ముసలిది చేసినట్టు. అక్క ల్యాప్‌టాప్ జాక్ మార్చాక రిపోర్టు తీస్తే, 41 వాట్ అవర్లతో పుట్టినది 11 దగ్గర ఉంది. జాక్ బాగైంది, బ్యాటరీ బాగుకాలేదు. కొత్త బ్యాటరీ ఇంకా కొనలేదు కూడా. ఊళ్లో కరెంటు పోతే పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ కూడా పోతుంది. ఆలోపు సేవ్ చేసుకుని మూసేయడం అక్కకు అలవాటైంది.

ఊరి కరెంటు మీద కూడా ఒక అపోహ తీసేయాలి. లో వోల్టేజీ వల్ల ల్యాప్‌టాప్ కాలిపోయిందని అంటుంటారు. అడాప్టర్ వెనక చదివితే ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉంటుంది. బుగ్గ ఎర్రబడి, ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరిగే 160 వోల్టుల్లో కూడా అది హాయిగా పనిచేస్తుంది. భయపడాల్సింది ఎక్కువ వోల్టేజీకి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఒక్కో ఇంటికి 230 బదులు 300, 350 కూడా రావొచ్చు. ఒకే రాత్రి వాడకట్టు మొత్తం టీవీలు కాలిపోయాయని వినే ఉంటారు, చాలాసార్లు అదే కథ. పిడుగు సంగతి చెప్పేదేముంది. మబ్బు పట్టి గాలి లేస్తే చార్జర్ పీకేయడం ఉచితం. పీకడం కుదరకపోయినా ఎక్కువసార్లు అడాప్టర్ ముందు తాను కాలి ల్యాప్‌టాప్‌ను కాపాడుతుంది. అప్పుడు కూడా బోర్డు పోయిందనే చెప్పే వాళ్లుంటారు, అందుకే అడాప్టర్ కొలవండి అంటున్నా. చార్జింగ్‌లో ఉండగా ఇనుప బాడీ ముట్టుకుంటే జివ్వుమంటే అది ల్యాప్‌టాప్ రోగం కాదు. అడాప్టర్‌లో ఉండే చిన్న కెపాసిటర్ గుండా కొద్దిగా కరెంటు లీకవుతుంది, అది ఎర్త్‌లోకి పోవాలి, మన ఇంట్లో ఎర్త్ తీగ పేరుకే ఉంటుంది. తగ్గాల్సింది ఇంటి వైరింగ్‌లో.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ప్రమాదకరం అవుతుంది. అడాప్టర్‌ను ఎప్పుడూ విప్పకండి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక లోపలి కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, గోడ నుంచి పీకాక కూడా కాసేపు ఉంటుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని చార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు, నొక్కి సరిచేయొద్దు. 2006లో సోనీ తయారు చేసిన సెల్లుల వల్ల డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలు వెనక్కి తీసుకుంది. లిథియం మంట అంటే కంపెనీలే అంత భయపడతాయి. ఇంకోటి, అరగంట ఆట ఆడాక మాత్రమే ఆరిపోయే మెషీన్‌కు చాలాసార్లు కరెంటు జబ్బు ఉండదు, దుమ్ము జబ్బు ఉంటుంది. ఫ్యాన్ మూసుకుపోయి ప్రాసెసర్ వేడెక్కి తనే ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూ, లైట్లు వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ముందు ర్యామ్, తెర చూసుకోండి, పవర్ దారిలో వెతికి లాభం లేదు.

ఇదంతా ఎవరికి టైముంది, కొత్తది కొంటే పోలా అని నా రూమ్‌మేట్ వాదన. టైమ్ విలువ నాకూ తెలుసు. కానీ మేం మొత్తం పెట్టిన టైము ఒక ఆదివారం మధ్యాహ్నం. రిపేరు ఖర్చు అలాంటి సెకండ్ హ్యాండ్ మెషీన్ ధరలో సగం దాటితే నేనే వద్దంటాను. నీళ్లు పడి బోర్డు పచ్చగా తుప్పు పట్టినా వద్దంటాను. కొలిచాక వద్దనడం వేరు, కొలవకుండా వద్దనడం వేరు. అసలు ఆ రూమ్‌మేట్ వాదనలో నాకు గట్టిగా తగిలింది వేరే ముక్క. బాగుచేసినా లాభమేంటి, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది, 2016 నాటి ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు కదా అన్నాడు. నిజమే. తీగ తెగి చావాల్సిన మెషీన్‌ను మనం బతికిస్తే, తేదీ పెట్టి చంపే వాళ్లు ఇంకొకరున్నారు. అక్క దాంట్లో లినక్స్ మింట్ వేశాం. పీడీఎఫ్‌లు, వీడియోలు, బ్రౌజర్ అన్నీ నడుస్తున్నాయి. తెలుగు టైపింగ్ సెట్ చేయడానికే జాక్ మార్చినదానికన్నా ఎక్కువసేపు పట్టింది, అది ఇంకో వ్యాసం.

తెలుగు అన్నాను కాబట్టి ఒక మాట. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఫ్యూజ్ పుస్తకంలో పరిచయం. పెద్దనాయనకు ఫీజు, ఫేజు, బుగ్గ, ఎర్తు, షాట్, కండెన్సర్ చేతుల్లో పరిచయం. ఈ పనికి కావాల్సిన మాటలన్నీ ఊళ్లో ముందే ఉన్నాయి, మనం కొత్తగా కనిపెట్టి అనువాదం చేయాల్సిన పనే లేదు. అక్కకు ఫోన్‌లో కంటిన్యుటీ అంటే అర్థం కాలేదు. తీగ లోపల తెగిందా లేదా చూద్దాం అంటే మీటర్ ఆమే పట్టుకుంది. ల్యాప్‌టాప్ పవర్ సమస్యల మీద ఇలాంటి తెలుగులో నాలుగు పేజీలు లేవని మనం బాధపడటం కన్నా రాసేయడం తేలిక. సాహిత్య క్లబ్ అంటే కవితలే ఉండాలని ఎక్కడా రాసి లేదు కదా.

అందుకని మన క్లబ్‌కు, ఈసీఈ వాళ్లకు కలిపి ఒక అడుగుడు. వాళ్ల ల్యాబ్‌లో మల్టీమీటర్లు ఉన్నాయి, మన హాస్టల్లో మంచాల కింద చచ్చిన ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. నెలలో ఒక శనివారం రెండింటినీ ఒక బల్ల మీద పెడదాం. ప్రతి మెషీన్‌కూ ఒక కాగితం: సాకెట్ ఎంత, అడాప్టర్ ఎంత, పిన్ను పెట్టాక లైటు ఉందా ఆరిందా, జాక్ తీగ తెగిందా లేదా. ఎక్కువ భాగం అక్కడే తేలిపోతాయి. తేలనివి ఆ కాగితంతో పాటు షాపుకు తీసుకెళ్లొచ్చు. కాగితం పట్టుకుని వెళ్లిన మనిషికి చెప్పే రేటు వేరేగా ఉంటుంది. రావాలనుకునే వాళ్లు ల్యాప్‌టాప్‌తో పాటు దాని సొంత చార్జర్ కూడా తప్పకుండా తీసుకురండి, చార్జర్ లేకపోతే సగం పరీక్షలు చేయలేం.